చేను వైపు తిరిగిన బల్ల

దసరా వెళ్ళిన నాలుగో రోజున పక్క ఊరి రైస్‌మిల్లు గుమాస్తా నాకు ఫోన్ చేశాడు. నాకు సెంటు పొలం లేదు, మిల్లుతో నాకేం పని అనుకుంటూనే ఎత్తాను. "మాస్టారూ, తాత ఈ ఏడు ఇనుం తూకానికి రాలేదేటి?" అని అడిగాడు. ఆయన ఎండాకాలంలోనే పోయాడని చెప్పాను. తను ఏడాదిగా కూతురి దగ్గర ఉండి వచ్చాడట, తెలియలేదట. పెట్టేసే ముందు మాత్రం నసుగుతూ, "మరి ఇనుం?" అన్నాడు.

ఆ రెండు ముక్కలు నన్ను రెండు రోజులు పట్టుకుని వదల్లేదు. ఆయన పోయినప్పుడు దండ వేశాను, పెద్దకర్మకి భోజనం చేశాను, నాలుగు మంచి మాటలు కూడా చెప్పాను. ఇనుము సంగతి ఒక్కరమూ తలుచుకోలేదు.

ఆయన పేరు నాకు తెలుసు గాని రాయను. రాసినా మా ఊళ్ళో ఎవరూ గుర్తుపట్టరు. అందరికీ ఆయన తాలింఖానా తాత. వ్యాయామశాలను మా వైపు తాలింఖానా అంటారు. బొబ్బిలికి ఆటోలో అరగంట దూరంలో, ఊరి చివర వరిచేలకు ఆనుకుని ఒక రేకుల షెడ్డు, చెక్కలు పరిచిన గచ్చు, ఒక రాడ్డు, కొన్ని ఇనప ప్లేట్లు. అదే ఆయన రాజ్యం. జనపనార మిల్లులో బేళ్ళు మోసి రిటైరైన మనిషికి బరువులెత్తే విద్య ఎవరు నేర్పారో నేనెన్నడూ అడగలేదు. నేను ఆ ఊరి హైస్కూలుకి డ్రిల్లు మాస్టారుగా వచ్చేసరికే జిల్లా పోటీలకు వెళ్ళే పిల్లలంతా ఆ షెడ్డులోంచే వెళ్తున్నారు. కాయితాల మీద శిక్షకుణ్ణి నేను, పిల్లలకు గురువు ఆయన. ఈ ఏర్పాటు మొదట్లో నాకు కొంచెం మింగుడు పడలేదు.

కొత్త పిల్లలెవరైనా వస్తే ఆయన ముందు వాళ్ళ చెప్పులు చూసేవాడు. గుమ్మం బయట విడిచిన చెప్పుల్ని తీసి, తిరగేసి, ఎక్కడ అరిగాయో వేలితో తడిమేవాడు. "ఈడి ఎడం మోకాలు లోపలికి పోతాది" అని లోపలున్న వాణ్ణి చూడకుండానే చెప్పేవాడు. ఎవరికైనా కాళ్ళల్లో సత్తువ చాలదనిపిస్తే ఇంటికి పంపేసేవాడు కాదు, ఊడుపులకి పంపేవాడు. నెలరోజులు బురదలో వంగి నాట్లు వేసి రమ్మనేవాడు. తిరిగొస్తే చోడి అంబలి, అదే రాగి జావ, పోసి మళ్ళీ మొదలుపెట్టేవాడు.

అన్నిటికన్నా వింత ఆయన కూర్చునే తీరు. షెడ్డులో ఒక చెక్కబల్ల ఉండేది. దాని ముఖం గచ్చు వైపు కాదు, చేను వైపు. పిల్లలు ఎత్తుతుంటే ఆయన వాళ్ళకి వీపు పెట్టి, పచ్చటి వరి మీద కొంగల్ని చూస్తూ కూర్చునేవాడు. ఎత్తడం చూడనివాడు ఏం నేర్పుతాడని నాకు మొదట్లో ఒళ్ళు మండేది. ఆయన చూడడు, వింటాడని తర్వాత తెలిసింది. రాడ్డును భుజాల మీదికి తెచ్చుకుని, అక్కణ్ణించి తలమీదికి తోసే జర్కులో ఒక కాలు ముందుకీ ఒకటి వెనక్కీ పడతాయి. ఆ రెండు కాళ్ళూ ఒకే చప్పుడుగా పడాలి. రెండు చప్పుళ్ళయితే ఆయన కదిలేవాడు కాదు. ఒకటే అయితే వెనక్కి తిరక్కుండా కుడిచెయ్యి పైకెత్తేవాడు. ఆ చెయ్యి కోసం పిల్లలు ప్రాణాలు పెట్టేవాళ్ళు. శభాష్ అన్న మాట ఆయన నోట నేను వినలేదు.

ఒక బరువు మీద వరసగా మూడు ఆదివారాలు ఆ చెయ్యి లేవాలి. అప్పుడే పై బరువు, అప్పుడే పోటీకి పేరు. అంతవరకూ ఎవరొచ్చి అడిగినా ఒకటే మాట, "ఇంకా అవనేదు". ఎవరైనా మారాం చేస్తే రాడ్డు వైపు వేలు చూపించేవాడు. "నాకు సెప్పకు. దానికి సెప్పు" అనేవాడు.

ఆ రాడ్డన్నా ఆ ప్లేట్లన్నా ఆయనకు వల్లమాలిన ప్రేమ. ఏటా దసరాకి వాటిని కడిగి, అంచులు ఊడినచోట వెల్డింగు పెట్టించి, గుంటలకు లప్పం పూసి, రెండు పూతలు రంగు వేసేవాడు. ఒక ఏడు ఎరుపు, ఒక ఏడు నీలం, ఆ ఏడు కొట్లో ఏది దొరికితే అది. ఆ మీద పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ పూటకి ఎవర్నీ ముట్టనిచ్చేవాడు కాదు. ఇరవై ఏళ్ళకి పైగా ఆ పని ఆయన ఒక్కడే చేశాడు. ప్లేట్ల మీద అచ్చుపోసిన అంకెలు రంగు కింద పూడిపోతే, వాటి మీద మళ్ళీ తెల్లరంగుతో తనే దిద్దేవాడు.

రూతు మా స్కూల్లో చదివిన పిల్ల. బాప్టిస్టు చర్చి వీధిలో ఉండే తాపీమేస్త్రి కూతురు. మొదటిరోజు గచ్చు ఎక్కుతూ, మిగతా పిల్లల్లా రాడ్డుకి దండం పెట్టాలో వద్దో తెలియక బిక్కముఖం వేసింది. ఆయన చేను వైపు చూస్తూనే, "నీ దేవుడికి నీ ఇంటికాడ ఎట్టుకో పిల్లా. ఇక్కడ సేతులికి సుద్ద రాసుకుంటే సాలు" అన్నాడు. ఆదివారం పరీక్షలు పొద్దున్నే జరిగేవి. ఆ పిల్లకి మాత్రం ప్రార్థన అయ్యి వచ్చేదాకా ఆగి, మధ్యాహ్నం ఎండలో పెట్టేవాడు.

రెండేళ్ళలో రూతు మా అందరి ఆశ అయింది. విజయనగరంలో ఏటా అకాడమీ ఎంపిక జరిగేది. అందులో పడితే చదువు, తిండి, శిక్షణ అన్నీ వాళ్ళవే, ఆపైన రైల్వేలోనో పోలీసులోనో ఉద్యోగం దొరికే దారి. రూతు బరువు తరగతికి జర్కులో డెబ్బై అయిదు కిలోలు ఎత్తాలని వాళ్ళ నిబంధన. రూతు డెబ్బై రెండున్నర దగ్గర ఆగిపోయింది. డెబ్బై అయిదు పెడితే భుజాల దాకా వచ్చేది, పైకి లేచేది కాదు.

ఫారం నేను నింపాను. అక్కడి ఊపులో ఎత్తేస్తుందిలే అనుకుని, సాధనలో ఎత్తిన బరువు అన్నచోట డెబ్బై అయిదు అని రాసి ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మెల్లగా చదివాడు. "ఎత్తనిది రాసినారేటి మాస్టారూ?" అన్నాడు. కోపంగా అని ఉంటే నేనూ ఒకటి అనేవాణ్ణి. చాలా మెత్తగా అన్నాడు. పిల్ల భవిష్యత్తు, ఒక్క రెండున్నర కిలోలు అని నేను బతిమాలాను. అంతమందిలో పడేసి భుజం జారితే ఆ పిల్ల మళ్ళీ రాడ్డు ముట్టదని ఆయన భయం. "ఇంకా అవనేదు" అని కాయితం మడిచి నా జేబులో పెట్టాడు. రూతు మూల నిలబడి వింటూనే ఉంది. చేతులకున్న సుద్ద పావడాకి తుడుచుకుని వెళ్ళిపోయింది. ఆ కోపంతో నేను రెండు నెలలు తాలింఖానా గడప తొక్కలేదు. చాదస్తపు ముసలాడని స్టాఫ్‌రూములో ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు.

మరో ఏడాది గడిచింది. రూతు డెబ్బై రెండున్నర మీదే ఉంది. వయసు ప్రకారం ఆ పిల్లకి అదే ఆఖరి అవకాశం. ఎంపిక ఇంకా పది రోజులుందనగా తండ్రి ఇక చాలన్నాడు. పైడిభీమవరం వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగు పని మాట్లాడాడు. సోమవారం పొద్దున్న బస్సుకి ప్రయాణం. ముందురోజు ఆదివారం రూతు చర్చి నుంచి తిన్నగా తాలింఖానాకి వచ్చింది, వెళ్ళొస్తానని చెప్పడానికి.

ఆ వారమే మా స్కూలుకి ప్రభుత్వం నుంచి కొత్త బరువుల సెట్టు వచ్చింది. స్కూల్లో పెట్టే చోటు లేక ఆటోలో వేసి షెడ్డుకి తెచ్చాను. నల్లగా నిగనిగలాడుతున్నాయి. పోయేముందు ఒక్కసారి కొత్తవాటితో ఎత్తుతానని రూతు అడిగింది. ఆయన తల ఊపి బల్ల మీద కూర్చున్నాడు, చేను వైపు.

పాత రాడ్డు మీద ఉండే లెక్కే పెట్టాను, డెబ్బై రెండున్నర. రూతు వంగింది, లాగింది, తోసింది. రెండు కాళ్ళూ ఒకే చప్పుడుగా పడ్డాయి. బల్ల మీద చెయ్యి లేవలేదు. ఇంకో రెండున్నర వెయ్యమంది. వేశాను. ఏడాదిన్నరగా పైకి లేవని డెబ్బై అయిదు ఆ పిల్ల తలమీద నిలబడిపోయింది. గచ్చు ఒక్కసారే మోగింది.

అప్పుడు ఆయన వెనక్కి తిరిగాడు. అన్నేళ్ళలో నేను చూడగా అది మొదటిసారి. రూతుని చూడలేదు, కింద పడ్డ ప్లేట్లను చూశాడు. "ఆ సప్పుడు డెబ్బై అయిదుది కాదు" అన్నాడు.

మా అందరికీ ఒకటే అనుమానం. సర్కారు సరుకు, తూకంలో ఎక్కడో కొట్టేసి ఉంటారు. నాకూ అదే అనిపించింది. ఆయన రూతుని ఇంటికి పంపి, ఆటో పిలిపించాడు. కొత్తవీ పాతవీ రెండు సెట్లూ ఎక్కించాం. రైస్‌మిల్లుకి సెలవు. గుమాస్తా ఇల్లు పక్కనే కాబట్టి భోజనం మధ్యలో లేచొచ్చి కాటా గది తాళం తీశాడు. ముందు కొత్తవి పెట్టాం. రాడ్డుతో సహా సరిగ్గా డెబ్బై అయిదు. గుమాస్తా రెండుసార్లు చూసి, బాగానే ఉన్నాది కదా అన్నాడు. ఆటో డ్రైవరు తూకం మిషనే తప్పేమో అన్నాడు.

ఇంక పాతవి తూచే అవసరం లేదని నేనన్నాను. ఆయన నా మాట వినిపించుకోలేదు. తన ప్లేట్లను తనే ఒక్కొక్కటీ మోసుకొచ్చి కాటా మీద పెట్టాడు. ఏడాదిన్నరగా రూతు ఎత్తుతున్న డెబ్బై రెండున్నర, కాటా మీద డెబ్బై ఆరు దాటింది.

గుమాస్తా గోరుతో ఒక ప్లేటు అంచు గీకాడు. నీలం కింద ఎరుపు, దాని కింద ఆకుపచ్చ, దాని కింద మళ్ళీ నీలం. వెల్డింగు అతుకులు, లప్పం, ఇరవై దసరాల రంగు. కిందటేడాది నేను రాసిన అంకె తప్పే. అసలు అంకె అంతకన్నా ఎక్కువ.

ఆయన చాలాసేపు ఆ రంగుపెచ్చు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. నాకు లోపల్లోపల కొంచెం గెలిచినట్టు అనిపించిన మాట దాచను. ఆ ముఖం చూశాక అదీ పోయింది. ఇంటికెళ్ళి రేపు ఆలోచిద్దామని నేనన్నాను. రేపు పొద్దున్న పిల్ల బస్సెక్కుతుందని నాకు గుర్తుచేసింది ఆయనే.

ఆటోని తిన్నగా చర్చి వీధికి పోనిమ్మన్నాడు. రూతు గుమ్మంలో బ్యాగు సర్దుకుంటోంది. తండ్రి కుర్చీ వేయబోతే కూర్చోలేదు. వీధిలో నలుగురూ చూస్తుండగా నిలబడే చెప్పాడు.

"ఈ పిల్ల కిందటేడే ఎత్తీసింది. అవనేదు అన్నోడిని నాను. లోటు పిల్లది కాదు, నాది. ఆ రంగేసినోడిని నానే."

తండ్రి మొదట అర్థం చేసుకోలేకపోయాడు. నేను తూకం సంగతి వివరించాను. గోడ కట్టేవాడికి తూకం గురించి రెండోసారి చెప్పక్కర్లేదు. అతని ముఖం గట్టిపడింది.

"ఏడాది పోనాది కదా తాతా. అదెవలిస్తారు?" అన్నాడు.

"ఎవలూ ఇవ్వలేరు. నానూ ఇవ్వలేను. పది రోజులు నువ్వియ్యి" అన్నాడు ఆయన.

అప్పుడు రూతు ఒక మాట అడిగింది. నేను అడగాలనుకుని అడగలేకపోయింది అదే. "సప్పుడు ఇంటావు కదా తాతా. నీకెలగ తెల్లేదు?"

"అలవాటైపోనాది పిల్లా" అన్నాడాయన. "ఇన్నేళ్ళూ ఆ సప్పుడే సరైందనుకున్నాను."

రూతు బ్యాగులోంచి బట్టలు ఒక్కొక్కటీ తీసి మళ్ళీ పెట్టెలో పెట్టింది. తండ్రి చూస్తూ ఊరుకున్నాడు. ఒప్పుకున్నానని అతను నోటితో ఎప్పుడూ అనలేదు.

ఆ పది రోజులూ ఆయన పాత ప్లేట్లు గీకుతూనే ఉన్నాడు. కిరోసిను, ఉప్పుకాయితం, పాత స్క్రూడ్రైవరు. సాయం చేస్తానంటే ఎవర్నీ రానివ్వలేదు. అతుకులు వెల్డింగు షాపులో అరగదీయించాడు. అచ్చుపోసిన అంకెలు మళ్ళీ బయటపడ్డాయి. రూతు పక్కన కొత్త సెట్టు మీద సాధన చేస్తుంటే, ఆయన గీకే చప్పుడు ఆపి కాళ్ళ చప్పుడు వినేవాడు.

విజయనగరం బస్సులో జనమంతా భోగాపురంలో విమానాశ్రయానికి పోయే భూముల గురించి వాదించుకుంటున్నారు. రూతు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఆయన కళ్ళు మూసుకున్నాడు గాని నిద్రపోలేదు, బొటనవేలు ఆగకుండా కదులుతూనే ఉంది.

ఎంపిక హాల్లో ఆయన కుర్చీని గోడ వైపు తిప్పుకుని కూర్చున్నాడు. జనం నవ్వారు. నిర్వాహకుడొకడు వచ్చి, ఇటు తిరుగు తాతా, ఆట ఇటు జరుగుతోంది అన్నాడు. నాకు సిగ్గేసి, ఆయన్ని ఇటు తిప్పుదామని ఆయనకీ గోడకీ మధ్యకి వెళ్ళాను. అప్పుడే మొదటిసారి, పిల్లలు ఎత్తే వేళ ఆయన ముఖం చూశాను. ఎన్నేళ్ళుగానో చేను ఒక్కటే చూసిన ముఖం అది. పెదవులు వణుకుతున్నాయి. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు, అయినా నీళ్ళు ఆగడం లేదు. ఇంత భయం, ఇంత ఆశ ఈ మనిషిలో ఉందని నేను కలలో కూడా అనుకోలేదు.

"ఈ మొకం వాళ్ళు సూడకూడదు మాస్టారూ" అన్నాడు మెల్లగా. "సూస్తే నాకోసం ఎత్తుతారు. నాకోసం ఎత్తితే నడుం పోతాది."

వెనక రూతు పేరు పిలిచారు. డెబ్బై అయిదు. హాల్లో ఒకే ఒక్క చప్పుడు. న్యాయనిర్ణేతల లైట్లు వెలగకముందే ఆయన కుడిచెయ్యి పైకి లేచింది. ఆ తర్వాత రూతు ఎనభై కూడా ఎత్తింది. అకాడమీ ఫారం మీద సంతకం పెట్టేటప్పుడు తండ్రి ఆయన చెయ్యి పట్టుకుని దగ్గర కూర్చోబెట్టుకున్నాడు.

ఇక్కడితో అయిపోతే ఆయన్ని మంచి గురువని తలుచుకుని ఊరుకునేవాణ్ణి. ఆ మర్నాటి నుంచి ఆయన సైకిలు తీశాడు. ఆ ఇరవై ఏళ్ళలో రెండు మూడు కిలోల తేడాతో తను ఆపేసినవాళ్ళు ఆరుగురట, అందరూ ఆయనకు గుర్తే. ఒకడు ఆటో నడుపుతున్నాడు, ఒకమ్మాయి శ్రీముఖలింగం దగ్గర కాపురం ఉంటోంది. ప్రతి ఇంటికీ వెళ్ళాడు. రూతు గుమ్మంలో చెప్పిన మాటే అక్కడా చెప్పాడు. ఒకడు నవ్వి టీ ఇచ్చాడు. ఒకడు ఇప్పుడొచ్చి చెప్పడం ఎందుకని తలుపేసుకున్నాడు. ఆ అమ్మాయి మాత్రం అలాగే నిలబడి, "అయితే నాను ఎత్తీసినట్టేనా తాతా?" అని అడిగిందట. ఎత్తీసినట్టేనని చెప్పి వచ్చానని ఆయన నాకు రెండుసార్లు చెప్పాడు. వెళ్ళొద్దని అడ్డుపడిన వెధవని నేనే. అడగని తప్పు ఒప్పుకోవడానికి అంతదూరం సైకిలు తొక్కిన మనిషిని ఇంకొకణ్ణి నేనింతవరకూ చూడలేదు.

ఆ తర్వాత ప్లేట్లకి ఎన్నడూ రంగు వేయలేదు. దసరాకి ఒక కుంకుమ బొట్టు, అంతే. మర్నాడు ఆటోలో రైస్‌మిల్లుకి. ఒక్కో ప్లేటూ తూచి, అంకె పక్కన సుద్దతో ఒక గీత గీసేవాడు. ఏటా ఆ కాటా ఆయన కోసం ఒక పూట ఖాళీగా ఉండేది.

గుమాస్తా ఫోన్ సంగతి రూతుకి చెప్పాను. ఇప్పుడు రైల్వేలో ఉద్యోగం. మూడోరోజు సెలవు పెట్టి వచ్చింది. ఇద్దరం ప్లేట్లు ఆటోలో వేసుకుని వెళ్ళాం. గుమాస్తా కాటా తుడిచి, దానికి పువ్వులు కూడా పెట్టి ఉంచాడు. తూకం సరిగ్గా ఉంది. రూతు ఒక్కో అంకె పక్కనా సుద్దతో గీత గీసింది.

షెడ్డుకి తిరిగొచ్చాక ప్లేట్లు రాడ్డుకి ఎక్కిస్తూ, "మాస్టారూ, మీరలా కూకోండి" అంది. ఎక్కడ కూర్చోమందో నాకు అర్థమైంది. ఆయన పోయాక ఆ బల్ల మీద ఎవరూ కూర్చోలేదు. గచ్చుకి వీపు పెట్టి కూర్చున్నాను. ఎదురుగా చేను. వరి పొట్ట మీద ఉంది, కొంగలు గట్టు మీద ఉన్నాయి.

వెనక సుద్ద చప్పుడు, ఊపిరి చప్పుడు. రాడ్డు కదిలింది. తర్వాత గచ్చు ఒక్కసారే మోగింది.

"ఎలగున్నాది మాస్టారూ?" అని అడిగింది రూతు.

నా ముఖం చేను ఒక్కటే చూస్తోంది. వెనక్కి తిరక్కుండా కుడిచెయ్యి పైకెత్తాను.